మొదటి క్యాంపు తల్లికి

మంజీరకు దండం. మరాఠీ విని, కన్నడం విని, తెలుగు విని, మూడు నేలల మన్నునూ మోసుకొచ్చి కందకుర్తి దగ్గర గోదావరి ఒళ్ళో వాలే ఆ నదికి దండం. అచ్చంపేట దగ్గర ఆ నదికి అడ్డంగా రాయి మీద రాయి పేర్చిన వడ్డెర చేతులకు దండం. 1923లో మొదలుపెట్టి 1931 నాటికి నిజాంసాగర్‌ను నిలబెట్టిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్‌కు దండం. ఇన్ని దండాలూ అయ్యాక, ఏ శిలాఫలకం మీదా పేరు లేని నీకు, అమ్మా, సాష్టాంగం.

నిన్ను ఒక్క పేరుతో పిలవలేను. బోధన్, వర్ని, కోటగిరి, రుద్రూర్ దారుల్లో పేరు చివర ‘క్యాంపు’ అని ఉన్న ఏ ఊళ్ళోనైనా దిగి, అరుగు మీద కూర్చున్న పెద్దవాళ్ళను కదిలిస్తే నీ కథే చెబుతారు. ఒకరి నోట నువ్వు గుడివాడ వైపు దానివి, ఇంకొకరి నోట తెనాలి వైపు దానివి, మరొకరి నోట గోదావరి లంకల దానివి. అందరి నోటా నువ్వు చంకలో పిల్లతో, నెత్తిన మూటతో దిగినదానివి. మగవాళ్ళ గురించి చెప్పేటప్పుడు ఎన్ని ఎకరాలు కొన్నారో చెబుతారు. నీ గురించి చెప్పేటప్పుడు ఎంతమందికి వండిపెట్టావో చెబుతారు. నేను ఆ రెండో లెక్క దగ్గరే ఆగిపోయాను.

మాది ధర్పల్లి. నిజాంసాగర్ కాలువ నీళ్ళు మా దాకా రావు. మాకు చెరువులున్నాయి, వానొస్తే పొంగే వాగులున్నాయి, రామడుగు ప్రాజెక్టు ఉంది, ఎర్రచెలకలో పసుపూ మక్కజొన్నా ఉన్నాయి. పడమటికి పోయి నిజామాబాదు దాటి బోధన్ దారి పడితే చాలు, నేల రంగు మారుతుంది, గాలిలో తడి మారుతుంది, మాట యాస కూడా వీధికో తీరుగా మారుతుంది. మెరక మీద పుట్టినవాళ్ళకు పల్లం ఎప్పుడూ ఆశే. ఆ ఆశతోనే మా వైపు వాళ్ళు నాట్ల కాలంలో మూట కట్టుకొని కాలువ కిందికి కూలికి పోయేవాళ్ళు. నిన్ను నేను చూస్తున్నది ఆ కూలివాళ్ళ కళ్ళతో. అందుకే నిన్ను పొగిడేటప్పుడు అబద్ధం ఆడలేను.

నువ్వు వదిలొచ్చినది బంగారు నేల. 1852లో ధవళేశ్వరం, 1855లో బెజవాడ ఆనకట్టలు లేచాక మూడు తరాలుగా కాలువ కింద బతికిన వంశం నీది. నీరు ఎప్పుడు పెట్టాలో, ఎప్పుడు తీయాలో మీ ఇంట పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. కాని కొడుకులు పెరిగారు, చెక్కలు తరిగాయి. తాతకు పది ఎకరాలుంటే మనవడికి గట్టు మిగిలింది. 1930 దాటేసరికి లోకమంతా మాంద్యం ముసిరి ధాన్యం ధర పడిపోయింది. అప్పు మాత్రం పెరిగింది. అప్పుడే, నిజాం రాజ్యంలో ఒక కొత్త కాలువ పారుతోందనీ, 2,75,000 ఎకరాలు తడపాలని దాన్ని తవ్వారనీ, ఆ నీటి కింద వరి పండించే చేతులు చాలడం లేదనీ కబురొచ్చింది. ఇక్కడ ఎకరం అమ్మితే అక్కడ ఎకరాలొస్తాయన్నారు. మగవాళ్ళు ముందు వెళ్ళి చూసి వచ్చారు. మట్టి మూట కట్టి తెచ్చి, నడిమింట్లో విప్పి, వేళ్ళతో నలిపి చూసుకున్నారు. నల్లరేగడి. బాగుంది అన్నారు. నిన్నెవరూ అడగలేదు. నువ్వు వంటింటి గడపలో నిలబడి ఆ మట్టి రంగు చూశావు. అక్కడ పుట్టే పిల్లకు మేనమామ ఎంత దూరం అవుతాడో లెక్క వేసుకున్నావు.

ఏం తెచ్చుకున్నావు తల్లీ? జాడీలో ఆవకాయ, కుండలో వరి విత్తనం, కొంగు చివర గోంగూర గింజలు, పసుపు పూసిన తిరగలి, పుట్టింటి రోలు వదిలి రోకలి మాత్రం. బెజవాడ నుంచి సికింద్రాబాదు దాకా పెద్ద బండి. అక్కడ దిగి, సామాను మోయించుకొని, నిజాం వారి మీటరుగేజి బండి ఎక్కావు. కామారెడ్డి దాటాక రెండు పక్కలా అడవి. సిర్నాపల్లి, ఇందల్వాయి, డిచ్‌పల్లి. ఆ బండి మా ఊరికి పడమటగా, కొండల అవతల నుంచే పోయింది. కిటికీలోంచి తంగేడు పొదలు చూసి ఇవేం పూలని అడిగి ఉంటావు. బండిలో జవాబు చెప్పినవాళ్ళ తెలుగు నీకు సగమే అర్థమై ఉంటుంది.

దిగిన చోట ఊరు లేదు. కర్రలు పాతి, మంజీర ఒడ్డు రెల్లు కప్పి, మట్టి మెత్తితే అదే ఇల్లు. వరసగా అలాంటివి పది ఉంటే అదే క్యాంపు. నాలుగు రోజులుండి పోయేవాళ్ళు దిగే చోటికి పెట్టే పేరది. మీరు తొంభై ఏళ్ళు ఉండిపోయినా ఆ పేరు మారలేదు. మొదటి వానకు రేగడి సాగింది, అడుగు తీసి అడుగు వేయలేకపోయారు. కాలువలు వచ్చిన చోటికల్లా నీళ్ళు నిలిచాయి. నీళ్ళు నిలిచిన చోటికల్లా దోమ వచ్చింది. చలిజ్వరం ఇంటింటా పడకేసింది. క్వినైన్ చేదుకు పిల్లలు ఏడిస్తే బెల్లం ముక్క చూపించి మింగించావు. అందరూ మింగినా అందరూ మిగల్లేదు. కాలువ గట్టున తవ్విన చిన్న గోతులకు గుర్తులు పెట్టలేదు నువ్వు. గుర్తు పెడితే మగవాడు వెనక్కి పోదామంటాడని భయం. మట్టిలో బిడ్డను దాచుకున్నాక ఆ మన్ను నీదే అయింది. ఏ పట్టా కాగితమూ దాన్ని నీకు అంతకంటే ఎక్కువగా రాసివ్వలేదు.

ఆ రోజుల్లో నీ పాక ముందుకు వచ్చిన ఆమెకు కూడా ఈ దండకంలో సగం వాటా ఇవ్వాలి. పక్క ఊరి మనిషి. చీర గోచీ పోసి కట్టింది, ముంజేతుల మీద పచ్చబొట్లు, నెత్తిన గంప. నువ్వు కాలువ నీళ్ళు ముంచుతుంటే చూసి నిలబడింది. ‘గా నీళ్ళు తాగకు బిడ్డా, జరమొస్తది. మా బాయి నీళ్ళు తోడుకపో’ అనే ఉంటుంది. నువ్వు తెల్లబోయి చూస్తే చెయ్యి పట్టి తీసుకుపోయే ఉంటుంది. జొన్నపిండిని వేడినీళ్ళతో కలిపి, అరచేతుల మధ్య తట్టి, పగుళ్ళు రాకుండా రొట్టె చేయడం నీకు నేర్పింది ఆమె. నీ మొదటి రొట్టె పెనం మీద ముక్కలైతే ఇద్దరూ నవ్వుకున్నారు. గోంగూరను ఉప్పుగల్లుతో నూరి నువ్వు పెడితే ఆమె నాలుక చప్పరించి, పుంటికూరను ఇట్ల గూడ తింటరా అంది. మీ క్యాంపులో మొదటి పురుడు పోసింది కూడా ఇక్కడి మంత్రసానే. పుట్టినవాడి బొడ్డు కోసిన చేతులు ఏ జిల్లావని ఆ రాత్రి నువ్వు అడగలేదు.

తర్వాత తూము ఎత్తారు. ఆ ఉదయాన్ని దగ్గరగా చూడాలి. చెక్క పలక పైకి లేచింది, అడుగు నుంచి ముందు నురగ వచ్చింది, నురగలో ఎండుగడ్డీ చీమలూ తేలాయి, ఆ వెనక మంజీర వచ్చింది. పంట కాలువ మొదట తాను తాగింది. పగుళ్ళన్నీ బుసబుసమని గాలి వదిలాయి. నీళ్ళు మడి మూలకు చేరడానికి పొద్దెక్కింది. నీ మగడు పంచె ఎగగట్టి మడిలోకి దిగి, మోకాళ్ళ దాకా కూరుకుపోయి, ఎడ్లను అదిలించాడు. రేగడి ఒండ్రు కాదు, మొండిది, నాగలిని పట్టుకుంటే వదలదు. అరక కట్టిన జీతగాడు ఇక్కడివాడు. ‘గట్ల గాదు దొరా, ఇంకో దినం నాననియ్యి, అప్పుడు కరిగెట చెయ్యి’ అన్నాడు. మూడు తరాల కాలువ చదువు ఆ మాట ముందు తలవంచింది. ఒక రోజు ఆగారు. మర్నాడు నాగలి నడిచింది. ఆబీ పంట ఆ ఏడు ఎంత పండిందో నాకు తెలియదు గాని, మొదటి గుమ్మి నిండిన రోజు నువ్వు వండిన పరమాన్నం గిన్నె ముందు ఎవరి ఇంటికి పోయిందో ఊహించగలను.

చెరుకు తర్వాత వచ్చింది. 1937లో బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. అదే ఏడు నిజామాబాదులో మందుముల నర్సింగరావు అధ్యక్షతన ఆంధ్ర మహాసభ జరిగింది. ఉర్దూ రాజ్యంలో తెలుగుకు బడి కావాలని ఇక్కడివాళ్ళు గొంతెత్తిన సభల వరసలో అది ఆరోది. ఒకే గాలిలో బెల్లపు వాసనా, తెలుగు కోసం ఆరాటమూ. నీ పిల్లలు పగలు అలీఫ్ బే దిద్దారు, రాత్రి నీ దగ్గర శతక పద్యాలు వల్లించారు. సంతలో నిజాం వారి హాలీ సిక్కా, పుట్టింటి నుంచి వచ్చిన మనియార్డరులో ఇంగ్లీషు వారి కల్దారు రూపాయి. రెండింటి మారకం నువ్వు నోటిలెక్కన చెప్పేదానివట.

వరి వేసినవాడు నాలుగు నెలల్లో లేచి పోవచ్చు. చెరుకు వేసినవాడు ఏడాది కదలలేడు. నువ్వు ఇక్కడిదానివైనది చెరుకు వేసిన ఏడే అంటాను. గడను మూడు కళ్ళ ముచ్చెలుగా నరకాలి. కన్ను చితక్కూడదు. బోదెల నడుమ నీళ్ళు పెట్టిన కాలువలో ముచ్చెను పడుకోబెట్టి, కళ్ళు రెండు పక్కలకూ తిరిగేలా సర్ది, మడమతో అదిమి వదలాలి. ఆడవాళ్ళ మడమలే ఆ పనికి నప్పుతాయి, బరువు తెలిసి వేస్తాయి. పదిహేను ఇరవై రోజులకు సూదిమొన ఆకుపచ్చగా పైకి వస్తుంది. మనిషెత్తు దాటాక ఎండాకును జడలా చుట్టి నాలుగు గడలను ఒకదానికొకటి నిలగట్టాలి. ఆకు అంచు చెంపలు గీస్తుంది, నూగు మెడకు అంటుకొని దురద. చెమట పడితే గీసుకున్న చోటల్లా మంట. సాయంత్రం నువ్వు కొబ్బరినూనె రాసుకుంటూ కూర్చుంటే, ఒళ్ళో చేరిన పిల్ల ‘అమ్మా, నీ ఒళ్ళు తియ్యగా వాసనొస్తోంది’ అంది.

గానుగాట మొదలైతే శక్కర్‌నగర్ దారంతా బండ్లు. ఒకదాని వెనక ఒకటి, ఎడ్ల మెడల గంటలు, లాంతర్లు, చలిమంటలు. తూకం వంతు రావడానికి రాత్రంతా పట్టేది. బండి తోలేవాడికి సద్ది కట్టింది నువ్వు. ఫ్యాక్టరీ కూత వింటే పిల్లలను లేపేదానివి. ఆసియాలోనే పెద్దదని చెప్పుకున్న ఆ మిల్లు గొట్టం పొగను చూసి, గాలి ఏ దిక్కున వీస్తోందో చెప్పేవాళ్ళు. ఆ పొగలో నీ చెరుకు ఉంది, మా వైపు కూలీల రెక్కలున్నాయి.

ఇప్పుడు చాలా దూరపు ముచ్చట ఒకటి చెబుతాను, విను. ఆస్ట్రేలియా అనే దేశంలో జేమ్స్ రూస్ అని ఒకడు. ఇంగ్లండులో దొంగతనం చేశాడని ఓడ ఎక్కించి పంపారు. 1788లో దిగిన మొదటి ఓడల గుంపులో వచ్చాడు. సిడ్నీ పక్కన పర్రమట్టా దగ్గర ఇంత నేల ఇచ్చి, పండించి చూపించమన్నారు. పండించాడు. 1792లో ముప్పై ఎకరాలకు పట్టా ఇచ్చారు, ఆ వలసరాజ్యంలో మొదటి పట్టా అదేనని చెబుతారు. పుస్తకాల్లో అతని పేరు గొప్పగా ఉంటుంది. పక్కన ఎలిజబెత్ పెర్రీ అని ఉంటుంది చిన్నగా. ఆమె కూడా శిక్ష పడి 1790లో ఓడలో వచ్చినదే, ఆ ఏడే అతన్ని పెళ్ళాడింది. గుడిసెలో వండింది, కలుపు తీసింది, కన్నది. ఆమె చేతుల సంగతి నీకు చెప్పాలా.

ఆ ముప్పై ఎకరాలూ ధరుగ్ జనాలవి. వేల ఏళ్ళుగా వాళ్ళు నడిచిన నేల, చేపలు పట్టిన ఏరు. రాజుగారి కాగితం మాత్రం అది ఎవరిదీ కాని నేల అని రాసుకుంది. ఆ రాత తప్పని ఆ దేశపు పెద్ద కోర్టు ఒప్పుకోవడానికి 1992 దాకా పట్టింది. నీ కథ అది కాదు. నీ మగడు తుపాకీ పట్టుకొని రాలేదు, రూపాయలు లెక్కపెట్టి దస్తావేజు రాయించుకున్నాడు. అయినా తల్లీ, ఇదీ ఎవరిదీ కాని నేల కాదు. నిజాంసాగర్ నిండుతుంటే మంజీర ఒడ్డు పల్లెలు అందులో మునిగాయి. గుడి, మసీదు, పొలం, పీరీల కొట్టం, పెద్దల సమాధులు. ఆ ఊళ్ళవాళ్ళు నెత్తిన మూటలతో నడిచిన దారినే, ఎదురుగా, కొన్నేళ్ళకు నువ్వు నెత్తిన మూటతో వచ్చావు. నీ మడిలో పారిన ప్రతి చుక్కా వాళ్ళ వాకిళ్ళ మీదుగా వచ్చింది. ఇక అమ్మినవాళ్ళు. కాలువ నీటి విలువ తెలియక ముందే, పన్ను కట్టలేకనో బిడ్డ పెళ్ళికనో చెక్క అమ్ముకున్న ఇక్కడి రైతు, నాలుగేళ్ళకు అదే గట్టు మీద కూలికి నిలబడ్డాడు. పాత భూమిలో కొత్త వరి కోస్తూ ఆయన ఏమనుకున్నాడో ఎవరూ రాయలేదు. నిన్ను పొగిడే నోటితోనే ఈ మాట కూడా చెప్పకపోతే మా కూలివాళ్ళు నన్ను క్షమించరు.

చెరుకు కోసం తెలుగువాళ్ళు ఇంకా దూరం కూడా పోయారు. 1903 నుంచి మద్రాసు రేవులో ఓడ ఎక్కించి ఫిజీ దీవులకు తీసుకుపోయినవాళ్ళలో మన కోస్తా పల్లెలవాళ్ళు ఉన్నారు. సిడ్నీ కంపెనీ మిల్లుల కోసం ఒప్పందపు కూలీలుగా గడలు నరికారు. వాళ్ళ ఆడవాళ్ళకు పాక కూడా సొంతం కాదు. నీకు గడప ఉంది, గడపకు పసుపు ఉంది. ఆ అదృష్టం విలువ నీకు తెలుసు కనుకే చేతికి ఎముక లేకుండా పెట్టావు.

ఏళ్ళు గడిచాయి. 1948 వచ్చింది, రజాకార్ల భయం వచ్చింది, పోలీసు చర్య వచ్చింది. 1956లో రెండు నేలలూ ఒక రాష్ట్రమయ్యాయి, 1969లో ముల్కీ మాట, అంటే స్థానికుడెవరన్న మాట, మంటై లేచింది, 2014లో మళ్ళీ రెండు రాష్ట్రాలయ్యాయి. ప్రతిసారీ ఎవరో ఒకరు నీ పిల్లలను మీదే ఊరని అడిగారు. ఇక్కడ పుట్టి, ఇక్కడి బడిలో చదివి, ఇక్కడి యాసలో తిట్టుకునే పిల్లలు దానికి ఏం చెబుతారు? నువ్వు మాత్రం ప్రతి ఆశ్వయుజంలోనూ గునుగు, తంగేడు తెచ్చి మనవరాళ్ళతో బతుకమ్మ పేర్పించావు. మొదటి ఏడు వరస తప్పి పేర్చావు, పక్కింటామె విప్పించి మళ్ళీ పేర్పించింది. ధనుర్మాసంలో నీ వాకిట గొబ్బెమ్మలు చూసి వాళ్ళ పిల్లలు గుమ్మడిపూల కోసం తీగ లాగారు. ఎవరు ఎవరి పండుగ చేశారో ఇప్పుడు ఆ వీధుల్లో విడదీసి చెప్పడం కష్టం. నాకది చాలా ఇష్టం.

మిల్లు కూత ఆగిపోయిందమ్మా. 2002లో చేతులు మారింది, 2015 డిసెంబరులో గేటుకు తాళం పడింది. చెరుకు వేసిన చోట వరి, సోయా. పైన సింగూరు కట్టి రాజధాని దప్పిక తీర్చాక మంజీర కిందికి వచ్చే వంతు తగ్గింది. నిజాంసాగర్ కడుపులో పూడిక పేరుకుంది. క్యాంపుల్లో డాబాలు లేచాయి, లోపల ఒక ముసలాయన, ఒక ముసలామె, ఒక టీవీ. పిల్లలు హైదరాబాదు, అక్కడి నుంచి అమెరికా, మెల్‌బోర్న్, సిడ్నీ. మా ధర్పల్లి వైపు పిల్లలూ పోయారు, దుబాయికి, మస్కట్‌కు. వాళ్ళు అక్కడ ముప్పై ఏళ్ళు ఇటుకలు మోసినా అరచేయంత నేల వాళ్ళది కాదు. వీసా తీరిన రోజున రావాల్సిందే. వచ్చి ఉండిపోగలగడం ఎంత పెద్ద వరమో మా ఇళ్ళలో ఆడవాళ్ళకు బాగా తెలుసు. నీ మీద మాకు కోపం లేకపోవడానికి అదీ ఒక కారణం.

సిడ్నీలో నీ మునిమనవరాలు ఉండే పర్రమట్టా వైపు, రూసూ ఎలిజబెత్తూ గోధుమ వేసిన ఆ పొలం జాగా ఇప్పటికీ ఉంది. ఆ దేశంలో ఇప్పుడొక ఆచారం పెట్టుకున్నారు. సభ అయినా బడి పండుగ అయినా, మొదలుపెట్టే ముందు ఈ నేల ఫలానా జనాలదని పేరు పెట్టి చెప్పి, వాళ్ళ పెద్దలకు దండం పెడతారు. పోయిన నేల దానితో తిరిగి రాదు, నిజమే. కాని పిల్లల చెవిన ఆ పేరు పడుతుంది. నీ మునిమనవరాలు బడిలో నిలబడి ధరుగ్ అనే మాటను తెలుగు నాలుకతో పలుకుతోంది.

నీ క్యాంపులో ఏటా చైత్రంలో రాములవారి కల్యాణం చేస్తారు. పందిట్లో మైకు పెట్టి చందాదారుల పేర్లు చదువుతారు. ఈసారి ఆ మైకు పట్టుకున్నవాళ్ళకు నా మనవి ఒకటే. ముందు మంజీరలో మునిగిన ఊళ్ళ పేర్లు ఒక్కొక్కటిగా చదవండి. తర్వాత బావి నీళ్ళు ఇచ్చిన ఆమెనూ, ఒక రోజు ఆగమన్న జీతగాడినీ, పురుడు పోసిన మంత్రసానినీ తలుచుకోండి. ఆ తర్వాత ఈ తల్లి పేరు చదవండి, గట్టిగా, కాలువ అవతలి ఊరికి కూడా వినపడేలా. తలంబ్రాల బియ్యం ముందు అవతలి ఊరి ముత్తయిదువల చేతుల్లో పోయండి. పరమాన్నం గిన్నె విషయంలో ఆమె పాటించిన వరస అదే.